దారి శుభ్రంగానే ఉంది

ఆర్వో కెట్టునెన్ మెడ ఎడమవైపుకి తిరగడం ఎప్పుడో మానేసింది. కుడివైపుకి ఇంకా కాస్త తిరుగుతుంది గానీ, తిరిగినప్పుడల్లా లోపల కటుక్కుమంటుంది. ఆ చప్పుడు పక్కనున్న భార్య బెర్నిస్‌కి కూడా వినిపిస్తుంది. ఆ మెడేసుకుని ఆయన ప్రతి చలికాలం పెల్కీ రోడ్డు మీద తన ఇంటి దారే కాక, చేతకానివాళ్ళ ఇళ్ళ దారులు కూడా మంచు ఎత్తిపోసి తీసేవాడు. అదీ వెనక్కి నడుపుతూ. చిన్న ట్రాక్టరు, దానికి వెనకాల తగిలించిన మంచు బ్లోయర్, అంటే మంచుని తిని గొట్టంలోంచి పక్కకి ఊదేసే యంత్రం. మంచులోకి బండి వీపు పెట్టి దూరాలి, మనిషి సీట్లో మెలిపడి కూచుని భుజం మీంచి చూస్తూ పోవాలి. సరస్సు మీంచి గాలి మొదలైందంటే ఈ పని రోజూ ఉంటుంది. ఇంటికొచ్చేసరికి మనిషి కర్రలా బిగుసుకుపోయి ఉండేవాడు. వంగలేడు, బూట్లు బెర్నిసే విప్పాలి. ఆవిడ నేలమీద మోకాళ్ళేసుకుని తాళ్ళు లాగుతూ రోజూ ఒకటే మాట అనేది.

"ముందుకి తగిలించేది కొనుక్కో, లేదా మానెయ్యి. రెండిట్లో ఏదో ఒకటి."

మానెయ్యడం కుదరదని ఆవిడకీ తెలుసు. పెల్కీ రోడ్డు మీద దారి తియ్యడమంటే ఒక్క మంచు ఎత్తిపోసే పని కాదు. మధ్యాహ్నానికి ఎవరింటి దారైనా మంచుతో అలాగే ఉందంటే, ఎవరో ఒకరు ఆ మంచులో పడి నడుచుకుంటూ వెళ్ళి తలుపు కొడతారు. ఇలా చెయ్యాలని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, పెద్దవాళ్ళ నాటి నుంచి అలా జరిగిపోతోంది. అదే రోడ్డు మీదుండే గ్లెన్ ట్రెవారోకి గుండె పట్టేసిన ఏడాది, వాడి దారి తియ్యకుండా ఉండడం చూసి వెళ్ళింది ఆర్వోనే. వంటింట్లో పడున్నవాణ్ణి భుజానేసుకుని, కారెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆ గ్లెన్ ఇప్పటికీ ఆర్వోని చూస్తే ముందు వెటకారమాడి, తరవాత కళ్ళు తుడుచుకుంటాడు.

మంగళవారం పడ్డది పెద్ద మంచేం కాదు, చీలమండ దాకా. ఆర్వో మిగతా ఇళ్ళన్నీ ముగించుకుని రోడ్డు చివరనున్న సైమ లాంపినెన్ ఇంటికి వచ్చాడు. ఆవిడ ఆర్వో అమ్మకి చిన్ననాటి స్నేహితురాలు. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, ఒక్కత్తే ఉంటుంది. ఆర్వోకి చుట్టరికం లేకపోయినా పిన్నే. వెనక బ్లోయర్‌తో ఆవిడ గుమ్మం దాకా వెళ్ళడం ఆయనకి చేతకాదు, మెడ అంత తిరగదు, బ్లోయర్ అంచు మెట్టుకి తగులుతుందేమోనని భయం. అందుకని కాస్త దూరంలోనే బండి ఆపి, దిగి, మిగిలిన ముక్క పారతో తీసేవాడు. మెట్లు కూడా తీసేవాడు. ఆఖరి మెట్టుకొచ్చేసరికి తలుపు తెరుచుకునేది.

"రా అబ్బాయ్, కాఫీ చల్లారిపోతోంది. మంచు ఎక్కడికీ పోదులే."

అరవై ఏడేళ్ళవాణ్ణి అబ్బాయ్ అని పిలిచే మనిషి భూమ్మీద ఇంకొకరు లేరు. ఆ పిలుపుకే ఆర్వో సగం దిగుతాడని బెర్నిస్ అంటూ ఉంటుంది. యాలకుల రొట్టె ముక్కలు కోస్తూ సైమ ఊరి కబుర్లన్నీ అడిగింది. ఆర్వో మెడ రుద్దుకుంటూ, "ఇవాళ కొట్టుకెళ్తున్నాం పిన్నీ, బెర్నిసూ నేనూ. ముందుకి తగిలించే బ్లోయర్ చూద్దామని," అన్నాడు.

"వెనకదానికేం రోగమొచ్చింది?"

"దానికేం లేదు. రోగం నాకే."

"మీ నాన్నా అంతే. చర్చిలో పక్కవాళ్ళని చూడాలంటే మనిషంతా తిరిగేవాడు. పాస్టరు మీద అలిగి వీపు పెట్టాడనుకునేవారు అందరూ." ఆవిడ నవ్వుకుని, రొట్టె మీద వెన్న రాసి ఆయన ముందుకి తోసింది. "ముందుదైతే ఏమిటి లాభం?"

"తిన్నగా కూచోవచ్చు. అంచు కంటికెదురుగా ఉంటుంది. నీ కింది మెట్టుని ముద్దెట్టుకునేంత దగ్గరికొస్తాను. పార పట్టే పని లేదు."

"అయితే దిగే పనీ లేదన్నమాట."

"దిగక ఎక్కడికి పోతాను? ఈ రొట్టె ఎవరు తింటారు మరి?"

"చూద్దాంలే. కొత్త బండొచ్చినవాడు పాత చుట్టాన్ని పలకరిస్తాడో లేదో." సైమ ఈ మాట వేళాకోళానికే అంది. ఆర్వో కూడా వేళాకోళంగానే తీసుకుని ఇంకో ముక్క తిన్నాడు.

ఇంటికొచ్చేసరికి బెర్నిస్ కోటేసుకుని రెడీగా ఉంది. "అయిందా దర్బారు?" అంది. సైమ అంటే ఆవిడకి కోపమేం లేదు. కాకపోతే మంచు పడ్డ ప్రతిరోజూ తన మొగుడు చల్లారిపోయిన అన్నం దగ్గరికి వస్తాడని, ఆ గంట తనకి రావలసిందేనని ఆవిడకో చిన్న బాధ. అది పైకి అంటే చిన్నతనమని అనేది కాదు. మెడ గురించి మాత్రం అనేది.

డెనిస్ బ్రూసో కొట్లో బ్లోయర్లు రెండూ పక్కపక్కనే పెట్టున్నాయి, రెండూ ఎర్రవే. డెనిస్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, అడక్కముందే మొదలెట్టాడు.

"వెనకదానంత సుఖం లేదు ఆర్వో, నిజం చెప్తున్నా. మూడు పిన్నులు, ఒక ఇరుసు. తగిలించావా, పోయావా. ముందు లోడరు తొట్టి అలాగే ఉంటుంది, కట్టెలు మోసుకోవచ్చు. ఇదిగో, ముందుదంటే లోడరు విప్పెయ్యాలి, బండి కడుపు కింద ఫ్రేము బిగించాలి, ఆ కడుపులోంచి ఇంకో ఇరుసు లాక్కురావాలి. ధర కూడా వెనకదాని మీద ఎక్కువే."

"నేనూ అదే అంటున్నా," అన్నాడు ఆర్వో. ఆయన చెయ్యి అప్పటికే వెనకదాని మరల మీద ఉంది. దాని లోహం మందం బొటనవేలితో కొలుస్తున్నాడు. "లోడరు లేకపోతే కట్టెలు నా నెత్తి మీద మొయ్యాలా?"

"కావాలంటే వెనకదానికే కెమేరా పెట్టిస్తా. ముందు చిన్న తెర ఉంటుంది, అందులో చూస్తూ పోవచ్చు."

"టీవీ చూస్తూ మంచు తియ్యమంటావా?"

బెర్నిస్ అక్కడ అమ్మకానికి పెట్టిన ట్రాక్టరెక్కి సీట్లో కూచుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, నడుం తిప్పి, మెడ తిప్పి, వెనక్కి చూస్తూ అలాగే ఉండిపోయింది. కొట్లో ఇంకో ఇద్దరు బేరగాళ్ళు తిరిగి చూశారు. "ఏవిటే అది, దిగు," అన్నాడు ఆర్వో.

"దిగను. డెనిస్, నువ్వొచ్చి ఇలా ఒక గంట కూచో. కూచున్నాక కూడా వెనకదే మంచిదంటే నేనే కొనిపెడతాను."

డెనిస్ తల గోక్కున్నాడు. ఆర్వోకి సిగ్గేసింది, లోపల ఎక్కడో హాయిగానూ ఉంది. తనకి కావలసింది ముందుదేనని ఆయనకి తెలుసు. ఆ మెడతో ఇంకో చలికాలం వెనక్కి నడపలేడు, నడపలేకపోతే పెల్కీ రోడ్డు మీద తను దారి తీసే మనిషి కాదు, దారి తీయించుకునే మనిషి అవుతాడు. ఆ మాట తన నోటితో అనలేక ఆవిడ చేత అనిపించుకున్నాడు.

"ఒక్క చికాకుంది, ముందే చెప్తున్నా," అన్నాడు డెనిస్, పాత బ్లోయరు తనే తీసుకునేట్టు బేరం కుదిరాక. "గాలి ఎదురుగా ఉంటే ఊదిన మంచంతా తిరిగి నీ అద్దం మీదకే వస్తుంది. బ్లోయరు అంచు తప్ప ఇంకేం కనపడదు."

"తిరగని మెడతో ఇన్నాళ్ళూ కనపడ్డదేమిటి?" అంది బెర్నిస్.

బుధవారం డెనిస్ మనుషులొచ్చి షెడ్డులో గొలుసులు కట్టి లోడరు దించారు, బండి కింద పడుకుని ఫ్రేము బిగించారు. ఆర్వో బోల్టులందిస్తూ వాళ్ళ కాళ్ళకి అడ్డం పడుతూ తిరిగాడు. పాత బ్లోయరు లారీ ఎక్కి వెళ్ళిపోతుంటే దాని గొట్టం మీద ఒకసారి చెయ్యేశాడు. సాయంత్రానికి సరస్సు వైపునుంచి గాలి మారింది, ఆకాశం కిందికి దిగింది.

గురువారం పొద్దున్నకి మోకాలిదాకా పడింది, ఇంకా పడుతూనే ఉంది. ఆర్వో బండెక్కి తిన్నగా కూచున్నాడు. తిన్నగా కూచుని మంచులోకి వెళ్ళడం ఎలా ఉంటుందో ఆయనకి గుర్తే లేదు. బ్లోయరు ముందు నోరు తెరుచుకుని తింటూ పోతోంది, గొట్టంలోంచి మంచు విల్లులా లేచి చెట్లవైపు పడుతోంది, మెడ భుజాల మీద మెడలాగే ఉంది. గ్లెన్ తన ఇంటి ముందు చేత్తో తోసే చిన్న బ్లోయరు ఆపి, రోడ్డు మధ్యకొచ్చి చెయ్యెత్తాడు. ఆర్వో కిటికీ తీశాడు.

"ఎవరయ్యా నువ్వు? ఇన్నేళ్ళూ ఈ రోడ్డు మీద నీ వీపే చూశాం. మొహం ఇలా ఉంటుందా?"

"చూసుకో. ఇంక రోజూ ఇదే."

"వీపే నయంగా ఉంది," అని గ్లెన్ తన మంచు తను ఊదుకోవడానికి పోయాడు.

సైమ ఇంటికొచ్చేసరికి గాలి ఎదురైంది. డెనిస్ చెప్పినట్టే ఊదిన మంచంతా అద్దం మీద పడి తెల్లగా పూత పెట్టినట్టయింది. వైపరు తుడిచినచోట ఒక ముక్క కనపడుతుంది, మళ్ళీ పోతుంది. ఆ ముక్కలోంచి ఆయన అంచునే చూస్తూ, అంగుళం అంగుళం పోనిచ్చి, కింది మెట్టు దగ్గర ఆపాడు. పారతో తియ్యడానికి ఏమీ మిగల్లేదు. మెట్ల మీద మంచుంది, అది పిన్ని చీపురుతో ఊడ్చుకుంటుంది. వంటింట్లో లైటు వెలుగుతోంది.

దిగుదామనే అనుకున్నాడు. తలుపు పిడి మీద చెయ్యేశాడు కూడా. అప్పుడు తన బూట్లు కనపడ్డాయి. ఒళ్ళు ఎక్కడా నొప్పి లేదు. ఇంటికి త్వరగా వెళ్ళి, బెర్నిస్ చూస్తుండగా, తన బూట్లు తనే విప్పుకుంటే ఎలా ఉంటుందని ఆయనకి చిన్నపిల్లాడిలాంటి కోరిక పుట్టింది. ఇవాళ ఇంటికి పోదాం, రేపు దిగి పిన్ని దగ్గర కూచుందాం అనుకున్నాడు. హారన్ ఒకసారి కొట్టాడు, వచ్చానని చెప్పడానికి. వాకిట్లో బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"అప్పుడే వచ్చేశావే," అంది బెర్నిస్. ఆయన గుమ్మంలో కుర్చీ లాక్కుని కూచున్నాడు. వంగి ఒక బూటు తాడు విప్పాడు, తరవాత రెండోది విప్పాడు. ఆవిడ చేతిలో గరిటె అలాగే పట్టుకుని చూసింది. ఇద్దరూ వేడి వేడిగా అన్నం తిన్నారు. ఆవిడ ఆరోజంతా వంట చేస్తూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది.

శుక్రవారం మంచు ఇంకా ఎక్కువైంది. రోడ్డంతా ఒకసారి తీసి వెనక్కి తిరిగేసరికి తీసినచోట మళ్ళీ నిండుతోంది. సైమ మెట్ల మీద మంచు నిన్నటిది అలాగే ఉంది, దాని మీద ఇవాళ్టిది పడింది. ఆర్వో అది చూశాడు. పడటం ఆగాక ఒకేసారి ఊడ్చుకుందామనుకుంటోంది కాబోలు, తెలివైన పనే అనుకున్నాడు. లైటు వెలుగుతోంది. ఇంకా రెండిళ్ళు రెండోసారి తియ్యాలి. హారన్ కొట్టి వెళ్ళిపోయాడు. శనివారం పొద్దున్న హారన్ కొట్టడం కూడా మర్చిపోయాడు.

శనివారం మధ్యాహ్నానికి మంచు ఆగి, ఎండ కాసింది. శనివారమంటే సౌనా రోజు. రోడ్డు మీద ప్రతి ఇంటి వెనకా చెక్క గదిలో పొయ్యి రాజేస్తారు, రాళ్ళు కాలతాయి, ఆవిరి పట్టి స్నానాలు చేస్తారు. బెర్నిస్ కట్టెలు చంకనెట్టుకుని పెరట్లోకి వెళ్ళి, అక్కడే నిలబడి దేవదారు చెట్ల మీంచి రోడ్డు చివరకి చూసింది. రోజూ చూడదు గానీ శనివారం చూస్తుంది, ఎవరి పొగ ముందు లేచిందా అని. సైమ పొగే ఎప్పుడూ ముందు.

ఆవిడ కట్టెలు అక్కడే వదిలేసి లోపలికొచ్చింది. "ఆర్వో, సైమ ఇంటి మీద పొగ లేదు."

"ఇంకా రాజేసి ఉండదు."

"ఎండ చెట్లెక్కేసింది. ఆవిడ రాజెయ్యకుండా ఉన్న శనివారం నేనీ ఇంటికొచ్చాక చూళ్ళేదు." ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "నిన్న ఏమంది నీతో?"

ఆర్వో కిటికీలోంచి రోడ్డు చివరకి చూశాడు. బెర్నిస్ అడిగింది మళ్ళీ, ఈసారి మెల్లగా. "నిన్న దిగావా? మొన్న?"

ఆయన కోటు కూడా సరిగ్గా వేసుకోకుండా కారు తాళాలు తీసుకున్నాడు.

సైమ ఇంటి దారి అద్దంలా ఉంది. రోడ్డు నుంచి కింది మెట్టు దాకా రెండు పక్కలా గీత గీసినట్టు, ఒక్క అడుగు ముద్ర లేకుండా ఉంది. మెట్ల మీద మాత్రం మంచు మూడు వరసలుగా పేరుకుని ఉంది. ఆర్వో దాన్ని చేతుల్తో తోసుకుంటూ ఎక్కాడు. తలుపుకి తాళం లేదు, తోస్తే బెత్తెడు తెరుచుకుని ఆగిపోయింది. వెనకాల ఏదో అడ్డుంది. ఏమిటో ఆయనకి తెలిసిపోయింది. ఇంకోసారి తోయడానికి చేతులు రాలేదు.

ఇద్దరూ వెనకవైపు కట్టెల గదిలోంచి వెళ్ళారు. ఇల్లు వెచ్చగా ఉంది, గ్యాస్ హీటరు నడుస్తూనే ఉంది. వంటింటి బల్ల మీద రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి. రొట్టె మీద గుడ్డ కప్పుంది. గుడ్డ తీస్తే ముక్కలు కోసి ఉన్నాయి, ఎండిపోయి అంచులు లేచాయి. పొయ్యి దగ్గర నేలమీద కాఫీ గరిటె పడుంది. అక్కణ్ణుంచి ముందు గుమ్మం దాకా తివాచీ ముడతలు ముడతలుగా పోగై ఉంది. పాకి పోయినట్టుంది. గోడకున్న ఫోను పైనెక్కడో ఉంది, అందేది కాదు. సైమ తలుపుకి ఆనుకుని పక్కకి పడుంది, ఏప్రనుతోనే. ఒక చెయ్యి చీపురు కర్ర మీద ఉంది.

బెర్నిస్ ఆవిడ పక్కన మోకాళ్ళేసుకుని జుట్టు సవరించింది. ఆర్వో తలుపు చూస్తున్నాడు. తెల్ల రంగేసిన తలుపు, కింద మోకాలెత్తులో రంగు పెచ్చులూడి, లోపల కర్ర కనపడుతోంది. చీపురు కర్ర చివర ఆ రంగే అంటుకుని తెల్లగా ఉంది.

ట్రాక్టరు నడుస్తుంటే లోపల కూచున్నవాడికి తన మాటే తనకి వినపడదు. ఆయన వంగి ఆ పెచ్చుల మీద బొటనవేలు పెట్టాడు.

షెరీఫ్ ఆఫీసు నుంచి వచ్చిన కుర్ర పోలీసు అధికారి నెమ్మదస్తుడు. తుంటి విరిగిందనీ, గురువారం పొద్దున్న పడి ఉంటుందనీ చెప్పాడు. "పడ్డాక ఎంతసేపు బతికి ఉంది?" అనడిగాడు ఆర్వో. ఆ అబ్బాయి కాగితాల వైపు చూశాడు. "చెప్పు బాబూ," అంది బెర్నిస్. "ఇల్లు వెచ్చగా ఉంది కదండీ. శుక్రవారం ఉండి ఉంటారు. ఇంకా తరవాత కూడానేమో, డాక్టరుగారు చెప్పాలి," అన్నాడు.

ఇంటికొచ్చాక బెర్నిస్ ఆయన ముందు మోకాళ్ళేసుకుని బూటు తాడు పట్టుకుంది. ఆయన వద్దన్నాడు. అయినా వదల్లేదు. ముడి విప్పలేక, తలొంచుకుని ఏడ్చింది. "నేనే కదా ముందుదే కావాలని కూచున్నాను. ఆ కొట్లో బండెక్కి మరీ. ఆవిడ దగ్గర నువ్వు కూచునే గంట నాకు కావాలనుంది ఆర్వో, మెడ ఒక్కటే కాదు. ఇప్పుడు చెప్తున్నాను."

"ముందుదీ కాదు, వెనకదీ కాదు," అన్నాడు ఆయన. "బండికి తలుపుంది. నేను దిగలేదు."

మంగళవారం చర్చిలో ప్రార్థన అయింది. నేల గడ్డకట్టి ఉంది కాబట్టి పూడ్చడం మే నెలలోనే. అప్పటిదాకా శవపెట్టె స్మశానం గదిలో ఉంటుంది. చర్చి కింద హాల్లో కాఫీలు పోశారు, యాలకుల రొట్టె పెట్టారు. ఆర్వో గోడవారగా కూచున్నాడు. జనం ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పట్టుకున్నారు. అందరూ ఒకటే మాట, మనసారా అన్న మాటే.

"ఆఖరిరోజు దాకా దారి శుభ్రంగా పెట్టావు నాయనా. కన్న కొడుకైనా అంత చెయ్యడు."

"ఉత్తరాలేసే అమ్మాయి చెప్పింది, ఆ తుఫానులో కూడా గీత గీసినట్టుందట."

ఆర్వో తలూపుతూ ఉన్నాడు. మెడ నొప్పెట్టలేదు. గ్లెన్ రొట్టె పళ్ళెం పట్టుకుని వచ్చి పక్కన కూచున్నాడు. "రోజూ అటు పోతూనే ఉన్నాను. చూస్తూనే ఉన్నాను. దారి శుభ్రంగానే ఉంది కదా, ఆవిడ బాగానే ఉందనుకున్నా," అన్నాడు. వాడు ఆర్వోని ఓదారుద్దామనే అన్నాడు. ఆర్వో పళ్ళెం వైపు చూసి, లేచి బయటికెళ్ళిపోయాడు.

మెట్ల దగ్గర డెనిస్ కలిశాడు, టోపీ చేతిలో పట్టుకుని. "నీ పాత బ్లోయరు ఇంకా నా దగ్గరే ఉంది. మార్చుకుంటానంటే నేనేం అనుకోను. పైసా అడగను."

"అమ్మెయ్యి."

"ఆలోచించుకో ఆర్వో."

"మెడ తిరగదు డెనిస్. అమ్మెయ్యి."

గురువారం మళ్ళీ మంచు పడింది, మోకాలిదాకా. ఆర్వో చీకట్లోనే లేచి బండి తీశాడు. మిగతా ఇళ్ళన్నిటి దారీ తీశాడు. ప్రతి ఇంటి ముందూ బండి ఆపేసి, దిగి, తలుపు కొట్టి, ఏమీ లేదు ఊరికే అని చెప్పి మళ్ళీ ఎక్కాడు. సైమ దారి జోలికి పోలేదు. తెల్లారేసరికి ఇంటికొచ్చి, బండి రోడ్డు మీదే పక్కకి పెట్టి, తన వాకిట్లో మంచుని తొక్కుకుంటూ లోపలికొచ్చాడు. బండి చక్రాల గీతల మీదా, తన అడుగుల మీదా కాసేపటికి మంచు నిండిపోయింది.

"మన దారి తియ్యలేదేం?" అంది బెర్నిస్.

"ఉండనీ."

"నొప్పా?"

"కాదు. ఉండనీ." ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూచున్నాడు, రోడ్డు కనపడేట్టు. బెర్నిస్ అప్పుడప్పుడూ వంటింట్లోంచి వచ్చి ఆయన్ని చూసి పోతోంది. తపాలా బండి వాళ్ళ ఇంటి ముందు నెమ్మదించి, ఒక నిమిషం ఆగి, వెళ్ళింది. కాసేపటికి ఫోను మోగితే, ఎత్తబోయిన బెర్నిస్‌ని ఆయన చేత్తో ఆపాడు. ఇంకా మధ్యాహ్నం కాలేదు. అప్పుడు గ్లెన్ రోడ్డు మీద కనపడ్డాడు, పార భుజానేసుకుని. వాళ్ళ వాకిలి దగ్గర ఆగి, ఇంటివైపు చూసి, మంచులోకి అడుగేశాడు. గుండె ఆపరేషనైన మనిషి, ఒక్కో కాలూ ఎత్తి వెయ్యడానికి ఆయాసపడుతున్నాడు. రెండుసార్లు ఆగాడు. ఆర్వో లేవలేదు, చూస్తూ కూచున్నాడు.

బెర్నిస్ తలుపు తీసింది. గ్లెన్ తొడల దాకా తెల్లగా ఉన్నాడు, మొహం ఎర్రగా ఉంది. "ఏమైంది? ఇద్దరూ బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నాం," అంది బెర్నిస్.

"మరి దారి తియ్యలేదేంటి? తపాలా అమ్మాయి చెప్పిన దగ్గర్నుంచి నా ప్రాణం నా దగ్గర లేదు. మీ ఫోను మోగుతుంటే ఎత్తరేం?" వాడు లోపలికి తొంగి చూశాడు. ఆర్వో కుర్చీలోనే ఉన్నాడు, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని.

"గ్లెన్, ఒకటడుగుతాను, నిజం చెప్పు," అన్నాడు ఆర్వో. "ఆ గురువారం నేను ఇంట్లో పడుకుని ఉంటే, సైమ పిన్ని దారి ఎవరూ తియ్యకుండా ఉంటే, నువ్వు వెళ్ళేవాడివా?"

గ్లెన్‌కి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక పార గోడకి ఆనించాడు. అబద్ధం చెబుదామని వాడికి అనిపించకపోలేదు, నోరు కూడా తెరిచాడు. కానీ వాడు తన వంటింటి నేల మీంచి ఆర్వో భుజాన లేచినవాడు.

"వెళ్ళేవాణ్ణి," అన్నాడు. "మధ్యాహ్నం లోపే వెళ్ళేవాణ్ణి."

ఆర్వో తలూపాడు. బెర్నిస్ మూడో కప్పు తీసి బల్ల మీద పెట్టింది. ఎవరూ కాఫీ పోసుకోలేదు. బయట ఆగకుండా పడుతోంది. రోడ్డు నుంచి గుమ్మం దాకా లోతుగా పడిన గ్లెన్ అడుగులు కిటికీలోంచి కనపడుతున్నాయి, ఆర్వో వాటినే చూస్తూ కూచున్నాడు.